నాసాశుద్ధి – నేతిక్రియ నడచివచ్చిన దారి



గడచిన కార్తిక మాసంలో ఒక ఉషఃకాలాన, కోనేటి మెట్లపై దీపాలు ఇంకా వెలుగుచుండగా, ఒక తల్లి చేత కొమ్ముగల రాగిపాత్ర పట్టుకొని నా వద్దకు వచ్చినది. "పంతులుగారూ, మా అబ్బాయికి ఏడాదిగా సైనస్ బాధ. ఒక రోజు ముక్కు ఆడితే పది రోజులు ఆడదు. ఎన్ని మందులు వాడినా మళ్ళీ మొదటికే వస్తున్నది. ఎవరో జలనేతి చేయించమన్నారు. వట్టి కుళాయి నీళ్ళకంటె స్వామివారి కోనేటి నీరైతే మేలని వచ్చాను. ఇది వేదకాలం నుంచి ఉన్నదే కదండీ?" అని అడిగినది.

ఆమె వంగి పాత్రను ముంచబోవుచుండగా నేను వారించినాను. "ఆ పాత్రను ఇక్కడ నింపవద్దమ్మా" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయినది. స్వామివారి తీర్థాన్ని పూజారియే కాదన్నాడే అని నొచ్చుకొన్నట్లు తోచినది. ఆ మెట్లమీద నిలబడి రెండు మాటలలో చెప్పగలిగినది కాదు కనుక ఆనాడు కొంతే చెప్పినాను. మిగిలినది ఇక్కడ నివేదిస్తున్నాను. ఆమె అడిగినది రెండు ప్రశ్నలు. ఈ క్రియ మనకు ఎక్కడ నుండి వచ్చినది? ఏ నీటితో చేయవలెను? మొదటి ప్రశ్నకు చరిత్ర సమాధానం చెప్పును. రెండవ దానికి సమాధానం తెలియకపోతే ప్రాణానికే ముప్పు.

నా అనుభవం

ఈ బాధ నాకు పరాయిది కాదు. గర్భాలయంలో కర్పూరం, సాంబ్రాణి, నూనె దీపాల పొగ. హోమశాలలో సమిధల ధూమం. మాఘమాసపు తెల్లవారుజామున చన్నీటి స్నానం. ముప్పది యేండ్ల అర్చకత్వంలో ఇవన్నీ నా ముక్కులో తిష్ఠవేసినవి. కనుబొమల నడుమ బరువు, చెంపలలో సలుపు, పండుకొంటే ఒక పుటం, లేస్తే మరొక పుటం మూసుకొనిపోవడం. పూలమాల చేతిలో ఉన్నా పరిమళం తెలియని రోజులుండేవి.

దానికంటె నన్ను ఎక్కువ బాధించినది వేరొకటి. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణకు ఆరు అంశాలను చెప్పినది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. ముక్కు మూసుకొన్నవానికి మొదటి మెట్టయిన వర్ణమే చెడును. అనునాసికం పలుకవలసిన చోట గాలి నోటివెంట పోయి 'మ'కారం 'బ'కారంలా, 'న'కారం 'ద'కారంలా వినబడును. పారాయణ నడుమ మా గురువుగారు ఒకనాడు నావైపు చూసి, "నీ నోటికి వేదం వచ్చినది గాని నీ ముక్కు ఇంకా నేర్చుకోలేదురా" అన్నారు. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ క్రియ చరిత్రను వెదకుట అప్పటినుండి మొదలుపెట్టినాను.

వేదంలో ఏమున్నది, ఆయుర్వేదంలో ఏమున్నది

ముందుగా సత్యం చెప్పవలెను. వేదంలో జలనేతి లేదు. ఋగ్వేద దశమ మండలంలో యక్ష్మనాశన సూక్తం ఉన్నది. కన్నులను, చెవులను, నాసికను పేరుపేరున తలచి వ్యాధిని వెడలగొట్టే ప్రార్థన అది. ముక్కు రోగస్థానమని మన పూర్వులు ఎరిగినారు. కాని పాత్ర, నీరు, ఉప్పు అనే విధి అక్కడ కనబడదు. లేని దానిని ఉన్నదనుట వేదానికి గౌరవం కాదు.

విధి కనబడేది ఆయుర్వేదంలో. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం నాసారోగాలను ముప్పదియొకటిగా లెక్కించినది. పీనసంలో ముక్కు బిగదీసుకొని, పొగలు కమ్మినట్లుండి, గంధమూ రుచీ తెలియకుండా పోవునని చెప్పినది. ఈ లక్షణాలను చదివిన నేటి సైనస్ రోగి "ఇది నా కథే" అనుకొనును. ప్రతిశ్యాయానికి, అనగా జలుబుకు, ధూళి, పొగ, ఎండ, అతిశీతం, మలమూత్రాది వేగాలను ఆపుకొనుట కారణాలని చెప్పి, దానిని ఉపేక్షిస్తే దుష్టప్రతిశ్యాయమై చిరకాలం పీడించునని హెచ్చరించినది. పన్నెండు వారాలు దాటిన దానిని దీర్ఘకాలిక సైనసైటిస్ అని నేటి వైద్యులంటున్నారు. జలుబును చిన్నదని వదలరాదను వివేకం రెండు చోట్లా ఒక్కటే.

చికిత్సగా ఆచార్యులు ప్రధానంగా చెప్పినది నస్యం. నాసిక శిరస్సునకు ద్వారమని వారి భావన. ఆ ద్వారంగుండా ఔషధ తైలాన్ని బిందువులుగా పంపుట దాని విధానం. చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయం దినచర్యలో అణుతైల నస్యాన్ని చెప్పి, ఏటా వర్షారంభం, శరత్తు, వసంతం అను మూడు కాలాలలో, ఆకాశం మేఘావృతం కాని రోజులలో చేయుమన్నది. వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలో ఇరువదవ అధ్యాయం మొత్తం నస్యవిధియే. దోషాలను వెడలగొట్టేది, పుష్టినిచ్చేది, శమింపజేసేది అని దానిని ముత్తెరగులుగా విభజించి, ఏడేండ్ల లోపు వారికి, ఎనుబది యేండ్లు దాటినవారికి నస్యం కూడదన్నాడు. రెండు బిందువుల ప్రతిమర్శాన్ని మాత్రం సౌమ్యమైనదిగా వేరుచేసి చెప్పినాడు.

ఇక్కడ గమనింపవలసినది ఒకటున్నది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అను మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పకుండా ఆచార్యులు ఏ చికిత్సనూ విధించలేదు. ఈనాడు "ప్రాచీన చికిత్స" అను పేరుతో తిరిగే సలహాలలో ముందుగా జారిపోయేది ఈ మూడే.

నస్యం నశ్యమైన వైనం

మన తెలుగునాట ఈ శబ్దానికి ఒక విచిత్రమైన గతి పట్టినది. పోర్చుగీసువారి నౌకలతో పొగాకు ఈ దేశానికి వచ్చిన పిమ్మట, దానిని పొడిచేసి ముక్కున పీల్చే అలవాటు వ్యాపించినది. ఔషధానికున్న పేరే ఈ వ్యసనానికి అంటుకొని నస్యం కాస్తా 'నశ్యం' అయినది. నా బాల్యంలో పండితసభ అంటే పొడుం డబ్బా తప్పనిసరి. చిటికెడు పొడి పట్టి, పెద్దగా తుమ్మి, "తల తేలికపడినది" అనేవారు. ముక్కు కారితే కఫం పోయినదని నమ్మేవారు. నిజానికి పోయినది కఫం కాదు. పొగాకు ఘాటుకు నాసికలోని మెత్తని పొర రేగి స్రవించినది. తాత్కాలిక సుఖం, శాశ్వత హాని. మా తాతగారు జీవితమంతా పొడుం పీల్చి, చివరి కాలంలో వాసన తెలియక ఉండేవారు. శాస్త్రంలోని శబ్దం ఉన్నంతమాత్రాన శాస్త్రార్థం ఉన్నట్లు కాదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

నేతి: మొదట దారం, పిదప నీరు

నేతి అను పేరు హఠయోగ గ్రంథాలది. పదునైదవ శతాబ్దికి చెందిన స్వాత్మారాముని హఠయోగప్రదీపిక రెండవ ఉపదేశంలో షట్కర్మలు చెప్పబడినవి: ధౌతి, వస్తి, నేతి, త్రాటకం, నౌలి, కపాలభాతి. అందులోని నేతి నీటితో చేసేది కాదు. జానెడు పొడవుగల నునుపైన సూత్రాన్ని నాసికలో ప్రవేశపెట్టి నోటివెంట తీయుట. ఈ రోజు కొమ్ముచెంబుతో చేసే క్రియకు అక్కడ వర్ణన లేదు.

నీటి ప్రస్తావన దాని తరువాతిదైన ఘేరండసంహితలో కనబడును. అయితే అక్కడ దాని పేరు నేతి కాదు. కపాలభాతిలోని భేదాలలో ఒకటి. వ్యుత్క్రమంలో నాసికతో నీటిని గ్రహించి నోట విడువవలెను. శీత్క్రమంలో నోట గ్రహించి నాసికతో విడువవలెను. రెండింటి ఫలమూ కఫదోష నివారణమే. మధ్యయుగపు వైద్యసంగ్రహాలలో తెల్లవారుజామున నాసికతో నీరు త్రాగే ఉషఃపానం కూడ ఉన్నది. అంటే దారం ఒక దారి, నీరు ఒక దారి, తైలం ఒక దారి. ఇవి వేర్వేరు కాలాలలో, వేర్వేరు పేర్లతో ఉండి, క్రమంగా కలిసిపోయి నేటి 'జలనేతి' అయినవి.

స్వాత్మారాముడు చెప్పిన ఇంకొక మాటను మనం తరచుగా మరచిపోతాము. మేదస్సు, శ్లేష్మం అధికంగా ఉన్నవారు మాత్రమే ప్రాణాయామానికి ముందు షట్కర్మలను ఆచరింపవలెను; దోషాలు సమంగా ఉన్నవారికి అవి అక్కరలేదు. ప్రాణాయామం చేతనే మలాలు శోషించునని కొందరు ఆచార్యుల మతమనీ ఆయనే పేర్కొన్నాడు. ముక్కు చక్కగా ఆడుచున్నవాడు పుణ్యం కొరకు నిత్యం ముక్కు కడుగుకొనవలెనను విధి లేదు.

ఉప్పు ఎప్పుడు చేరినది

ఇరువదవ శతాబ్దిలో ఈ క్రియలు ఆశ్రమ రహస్యాల నుండి బయటకు వచ్చినవి. 1924లో స్వామి కువలయానందులు లోనావ్‌లాలో కైవల్యధామాన్ని స్థాపించి, యోగక్రియలను శరీరశాస్త్ర పరికరాలతో పరీక్షించుట ప్రారంభించినారు. అదే యేట 'యోగమీమాంస' పత్రికను వెలువరించినారు. 1960ల నుండి ముంగేరులోని బీహార్ యోగ విద్యాలయం షట్కర్మలను గృహస్థులకు కూడ బోధించినది. 1971లో స్వామి రామ అమెరికాలో హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పిన పిమ్మట కొమ్ముగల చిన్న పింగాణి పాత్ర ఆ దేశంలో ప్రచారం పొందినది. 2007లో అక్కడి ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమంలో ఒక వైద్యుడు దానిని చూపగా లక్షలాది ఇండ్లలోకి చేరినది. అక్కడినుండి తిరిగి మన దుకాణాలకు "నేటి పాట్" అయి వచ్చినది. మన 'నేతి' మనకే అన్యదేశ్యపు పలుకుబడితో తిరిగిరావడం కాలవైచిత్ర్యం.

ఈ ప్రస్థానంలో ఆధునిక వైద్యం చేర్చిన ముఖ్యమైన అంశం లవణ ప్రమాణం. వట్టి నీరు ముక్కులో మంట పుట్టించుటకు కారణం, శరీర ద్రవాలలో ఉన్న లవణం అందులో లేకపోవడమే. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపితే ఆ ద్రవం దేహద్రవాలకు సమానమై మంట కలిగించదు. 2002లో అమెరికాలోని విస్కాన్సిన్ వైద్యులు తరచుగా సైనస్ బాధపడే 76 మందితో జరిపిన అధ్యయనాన్ని ప్రకటించినారు. ఆరు నెలలు నిత్యం లవణజలంతో ముక్కు కడిగినవారికి బాధ తగ్గినది, యాంటీబయాటిక్‌ల అవసరమూ తగ్గినది. ఇది ఉపశమనమే గాని సమూల నివారణ కాదు. అయినను దీర్ఘకాలిక రోగికి ఉపశమనమే వరం.

నీటి విషయం

ఇక ఆ తల్లిని నేను ఎందుకు ఆపినానో చెప్పవలెను.

యౌవనంలో మా ఊరి కాలువలో దిగి, పుక్కిలించినంత సులభంగా ముక్కుతో నీరు పీల్చి విడిచేవాడను. గోదావరి నీరు కదా, పావనమే కదా అని నా ధీమా. మా పాఠశాలలో ఒక విద్యార్థికి ముక్కు మూసుకొనిపోతే, కాలువ గట్టునకు తీసుకొనిపోయి అదే నీటితో నేర్పినాను. అతడు నేడు క్షేమంగానే ఉన్నాడు. అది నా జ్ఞానం వల్ల కాదు, అతని భాగ్యం వల్ల.

1965లో ఆస్ట్రేలియా వైద్యుడు మాల్కమ్ ఫౌలర్, తన సహచరునితో కలిసి ఒక సూక్ష్మజీవి వలన కలిగే మెదడు వ్యాధిని లోకానికి తెలిపినాడు. తరువాత ఆ జీవికి ఆయన పేరుమీదనే నేగ్లేరియా ఫౌలెరి అను నామం ఏర్పడినది. అది వెచ్చని మంచినీటిలో, అనగా చెరువులలో, కుంటలలో, కాలువలలో, శుద్ధి చాలని కుళాయి నీటిలో జీవించగలదు. ఆ నీటిని త్రాగితే ఈ వ్యాధి రాదు. ముక్కు పైభాగానికి చేరితే మాత్రం ఘ్రాణనాడి వెంట మెదడునకు పోవును. ఇది చాల అరుదైన వ్యాధి. కాని వచ్చినవారిలో బ్రతికి బట్టకట్టినవారు మిక్కిలి కొద్దిమంది. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇద్దరు కుళాయి నీటితో ముక్కు కడుగుకొని ఈ వ్యాధితో మరణించినారు. 2024లో మన పొరుగున కేరళలో చెరువులలో, కుంటలలో స్నానమాడిన పిల్లలు ఇటువంటి అమీబా వ్యాధికి బలియైన వార్తలు వచ్చినవి. ఆ వార్త చదివిన రోజున నాటి నా విద్యార్థికి ఫోన్ చేసి, "నాయనా, నేను నేర్పిన పద్ధతిలో నీరు తప్పు. నీవు ఇంకెవరికైనా నేర్పి ఉంటే వెంటనే చెప్పు" అన్నాను. గురుస్థానంలో ఉండి తప్పును ఒప్పుకొనుట కష్టమే. ఒప్పుకోకపోతే అది ద్రోహం.

కొందరు భక్తులు "తీర్థానికి దోషమా?" అని అడుగవచ్చును. తీర్థాన్ని మనం కుడిచేత గ్రహించి నోట స్వీకరిస్తాము, శిరస్సున ప్రోక్షించుకొంటాము. నాసికలోనికి ఎక్కించుకొనుమని ఏ అర్చకుడూ ఇవ్వడు. ఆచమనానికి ఒక విధి, అభిషేకానికి ఒక విధి, ఔషధానికి ఒక విధి. ఒకదానికి పవిత్రమైనది వేరొకదానికి యోగ్యం కానక్కరలేదు. గంగాజలమైనను చికిత్సకు వాడేటప్పుడు కాచి వాడుట గంగమ్మకు అపచారం కాదు.

ఇంటిలో ఆచరించే విధానం

నీటిని తెర్లకాగిన పిమ్మట మూడు నుండి ఐదు నిమిషాలు మరిగించి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చవలెను. కాచిన నీటిని శుభ్రమైన మూతపాత్రలో ఉంచి ఇరువదినాలుగు గంటలలో వాడవలెను, మిగిలినది పారబోయవలెను. డిస్టిల్డ్ వాటర్ దొరికితే అదియూ మేలే. అరలీటరు నీటికి నాలుగున్నర గ్రాముల ఉప్పు, అనగా చిన్న చెంచాకు కొంచెం తక్కువ. అయోడిన్ కలపని ఉప్పు మంచిది. ఇంకా మంట అనిపిస్తే చిటికెడు వంటసోడా కలుపవచ్చును. రాగిపాత్రలో ఉప్పునీరు ఉంచరాదు, కిలుము పట్టును. ప్రతిసారి కడిగి ఆరబెట్టదగిన స్టీలు పాత్రగాని, మందుల దుకాణంలో దొరికే సీసాగాని చాలును.

తొట్టివద్ద ముందుకు వంగి, తలను ఒక ప్రక్కకు వంచి, నోటితో శ్వాసిస్తూ పైపుటంలో మెల్లగా పోస్తే క్రిందిపుటం నుండి వెలువడును. బలంగా పీల్చరాదు. పిమ్మట వంగియే ఉండి రెండు పుటాలనూ తెరచి మెల్లగా చీదవలెను. ఒక పుటాన్ని గట్టిగా మూసి చీదితే నీరు చెవివైపు ఎక్కును. వెంటనే పడుకొనరాదు. ముక్కు పూర్తిగా మూసుకొని ఉన్నప్పుడు, చెవిపోటు ఉన్నప్పుడు, ముక్కునుండి రక్తం కారుచున్నప్పుడు చేయరాదు.

వావిలాకు, తులసి, పసుపు వేసి ఆవిరి పట్టుట మన పెద్దల అలవాటు. కొంత హాయినిచ్చును, కాని దుప్పటి క్రింద మరుగుచున్న గిన్నె ఒలికి ఒడలు కాలిన పిల్లలను నేను ఎరుగుదును. పిల్లలకు గిన్నెతో ఆవిరి పట్టవద్దు. పసికందుల ముక్కులో నూనె వేసే అలవాటును కూడ మానవలెను. ఆ నూనె ఊపిరితిత్తులలోకి దిగితే ప్రమాదమని వైద్యులు చెప్పుచున్నారు. పెద్దలకు నస్యమైనను వైద్యుని పర్యవేక్షణలోనే జరగవలెను. గదిలో పొగను తగ్గించుట, పరుపుల ధూళిని దులుపుట వంటి నిదానపరివర్జనం, అనగా కారణాన్ని తొలగించుట, అన్నింటికంటె ముందు చేయవలసిన చికిత్స. మా గర్భాలయానికి వెలుపలి గోడలో ఒక గవాక్షం తెరిపించిన తరువాత నా బాధ సగానికి తగ్గినది.

పన్నెండు వారాలు దాటినా తగ్గకపోయినా, ఒకే ప్రక్కనుండి రక్తంతో కూడిన స్రావం వచ్చినా ముక్కు చెవి గొంతు వైద్యుని చూడవలెను. కంటి చుట్టూ వాపు, చూపు మసక, తీవ్రజ్వరం, మెడ బిగుసుకొనుట కనబడితే ఒక్క గంటైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను.

ముగింపు

ఆ తల్లి మాఘమాసంలో మరల వచ్చినది. ఈసారి కుమారునితో వచ్చినది. వైద్యుడు పరీక్షించి, ముక్కు దూలం వంకరగా ఉన్నదని తేల్చి, ముక్కులో కొట్టుకొనే మందు ఇచ్చి, కాచిన ఉప్పునీటితో కడుగుట మాత్రం కొనసాగించుమన్నాడట. పూర్తిగా పోలేదు గాని రాత్రి నిద్ర పడుతున్నదని ఆ కుర్రవాడు చెప్పినాడు. ఆ కొమ్ము రాగిపాత్రను ఆమె ఆలయానికి సమర్పించినది. ఇప్పుడు దానితో కోనేటి నీరు తెచ్చి స్వామికి అభిషేకం చేస్తున్నాము.

మన పూర్వులు తమకు తెలిసినంత తెలిపినారు. కొన్ని వారి తరువాత తెలిసినవి. తెలిసిన దానిని కలుపుకొని ముందుకు నడచినప్పుడే సంప్రదాయం సజీవంగా ఉండును. ఈ వ్యాసం చదివినవారు మరేమి మరచినా ఒక్క మాట మాత్రం ఇంటిలో అందరికీ చెప్పవలసినదిగా నా మనవి: ముక్కులోనికి పోయే నీరు కాచి చల్లార్చిన నీరే కావలెను.

స్వస్తి.